శౌరమ్మ దగ్గర అయిదు నిమిషాలు

శౌరమ్మంటే నాకు పడదు. ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఇది చదివి ఎవరైనా, అబ్బ, ఎంత మంచి మనిషండీ అనుకుంటే అది నా తప్పు కాదు. ఆవిడ మంచిదో కాదో నాకు తెలీదు. బీపీ చూస్తుంది. చూసి గవర్నర్‌పేటలో సగం మంది చేత తిట్లు తింటుంది.

అరవై రెండేళ్ళుంటాయి. పొట్టి మనిషి. ముదురు రంగు నేతచీర, చేతికి మగవాళ్ళ వాచీ. లాడ్జీల సందులో డాక్టర్ రామతులసి గారి క్లినిక్‌లో నర్సు. కింద ఖాలిక్ అనే ఆయన మందుల షాపు, పైన క్లినిక్. మధ్యలో పంతొమ్మిది మెట్లు. మొదటిరోజు దిగేటప్పుడు మెట్టుకో బూతు చొప్పున అనుకున్నాను కాబట్టి లెక్క గుర్తుంది.

మేం అక్కడికెళ్ళింది మా నాన్న కాగితం కోసం.

మా నాన్న సంజీవరావు బడి బస్సు డ్రైవరు. ఏడో నెంబరు బస్సు. పొద్దున్నే ఉయ్యూరులో మొదలుపెట్టి, కంకిపాడు, పోరంకి మీదుగా పిల్లల్ని ఎక్కించుకుంటూ బెంజ్ సర్కిల్ దాకా తెస్తాడు. నలభై ఆరు మంది. పదహారేళ్ళుగా అదే బస్సు, అదే దారి. ఇంట్లో ఆయన కుర్చీ మీద నేను కూర్చుంటే ఏమీ అనడు. బస్సులో ఆయన సీటు మీద కూర్చుంటే మాత్రం కాలితో తంతాడు.

మే నెలాఖర్లో బడివాళ్ళు డ్రైవర్లకీ ఆయాలకీ ఓ ఆరోగ్య శిబిరం పెట్టారు. ఎవడో మిషను పట్టుకొచ్చి, బస్సుల షెడ్డులో వరసగా నిలబెట్టి, ఇరవై ముగ్గురికి అరగంటలో బీపీ చూసేశాడు. మా నాన్నకి 130/84. "కుర్రాడిలా ఉన్నావు బాబాయ్" అన్నాట్ట. నాన్న ఆ ముక్క ఇంట్లో నాలుగుసార్లు చెప్పాడు. తీరా చూస్తే, ఆ శిబిరం వాడి ముద్ర చెల్లదు, ఎవరికి వాళ్ళు డాక్టరు సంతకంతో కాగితం తెచ్చుకోవాలన్నారు. బస్సుల వ్యవహారం చూసే హనుమయ్య గారు ఇంకో ముక్క కూడా చెప్పాడు.

"సోమవారం బడి తెరుస్తున్నాం సంజీవరావు గారూ. ఆలోపు కాగితం రాకపోతే ఏడో నెంబరు లాజరుకి ఇచ్చేస్తానండి. నన్ననుకుని లాభం లేదు."

లాజరు అంటే స్పేరు డ్రైవరు. ఎవరైనా సెలవు పెడితే ఆ బస్సు తోలతాడు. తనకంటూ ఒక బస్సు కోసం ఎనిమిదేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఆయన కాగితం మర్నాటికే తెచ్చుకున్నాడు. ఎక్కడో రెండు నిమిషాల్లో ఇచ్చారట.

గురువారం నాన్నని బండి మీద ఎక్కించుకుని బయల్దేరాను. క్లినిక్ నేనే ఎంచుకున్నా. బోర్డు మీద ఎండీ అని ఉంది, లోపల జనం లేరు. ఇంకేం, చిటికెలో అయిపోతుందనుకున్నా. జనం ఎందుకు లేరో ఆలోచించే తెలివే ఉంటే ఇంజినీరింగ్ రెండో ఏట వదిలేసేవాణ్ణి కాదు.

"టీ తాగారా?"

ఆవిడ మొదటి మాట అది. రండి లేదు, కూర్చోండి లేదు, పేరేంటని లేదు.

"ఇప్పుడేనండి, కింద" అన్నాడు నాన్న.

"సిగరెట్టు?"

నాన్న నావైపోసారి చూశాడు. మానేసి రెండేళ్ళయిందని మా అమ్మ దగ్గర ఒట్టేసిన మనిషి. "ఒక్కటేనండి" అన్నాడు గొంతు తగ్గించి.

"అరగంట ఆగాలి. బాత్రూం అటుంది, వెళ్ళి రండి."

"ఇప్పుడేం అవసరం లేదండీ."

"అవసరం ఉందా అని నేనడగలేదు. వెళ్ళి రండి."

యాభై ఆరేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా లేచి వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండింది. "మేడం, మాకు సంతకం ఒక్కటే కావాలి. బీపీ ఆల్రెడీ చూసేశారు, ఇదిగో కాగితం" అన్నాను.

"చూసేస్తే ఇక్కడికెందుకొచ్చారు?"

"ముద్ర కోసం."

"ముద్రలు వన్ టౌన్‌లో చేస్తారు. వెళ్ళి చేయించుకో."

అరగంట ఆవిడ మొహం చూస్తూ కూర్చోలేక కిందికి దిగా. ఖాలిక్ గారు కౌంటరు మీద మోచేతులు ఆనించి నవ్వుతున్నాడు. "ఈ పూట బలి మీరేనా?"

"ఏంటండీ ఆవిడ? పిచ్చా?"

"పిచ్చే. మా షాపుకి గిరాకీ పోయేది కూడా ఆవిడ వల్లే. పైకెళ్ళిన వాళ్ళు సగం మంది మందుల చీటీ దాకా ఉండరు, మెట్ల మీదే దిగిపోతారు."

ఆ అరగంటలో శౌరమ్మ కథంతా చెప్పాడాయన. అవనిగడ్డ వైపు పల్లెటూరు. పదిహేడేళ్ళకి నర్సు చదువుకొచ్చింది. మొదట చేరిన ఆస్పత్రి వార్డులో పెద్ద డాక్టరు వచ్చే టైముకి చార్టులన్నీ నింపి ఉంచాలి. అందుకని మంచం దగ్గరికి పోకుండానే అందరికీ 120/80 రాసేసేవాళ్ళట. ఈవిడ నిజంగా చూసి 134/78 అనీ, 146/92 అనీ రాసేది. పక్క నర్సులు మీద పడ్డారు. "ఇరవై మందిలో నీ అయిదుగురికే అంకెలు వంకరగా ఉంటే, మావి దొంగవని తెలిసిపోదా?" అని. అక్కడ మానిపించారు. ఇంకోచోట చేరింది, అక్కడా అంతే. చివర్న బెంజ్ సర్కిల్ వైపు గాజు తలుపుల ఆస్పత్రి ఒకటి. బీపీకి మనిషికి నలభై సెకన్లు మించకూడదని గోడకి కాగితం అంటించారట. ఈవిడ ఆ కాగితాన్ని పీకి, దాని వెనక తను చూసిన అంకెలు రాసుకుంది. ఆ సాయంత్రమే లెక్క చూసి పంపించేశారు.

"ఇంట్లో ఎవరూ లేరా?"

"వన్ టౌన్‌లో ఉల్లిపాయల గోడౌన్ పైన ఒక గది. మొగుడు ఏలూరు వెళ్ళిపోయాడు. పాపం, మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూర్చోలేకపోయాడేమో." తన జోకుకి తనే నవ్వుకున్నాడు. "రోజూ ఆటోలో ఆ పాదరసం మిషను ఒళ్ళో పెట్టుకుని, పెరుగు కుండ ఒలక్కుండా పట్టుకున్నట్టు పట్టుకొస్తుంది. ఎవర్నీ ముట్టుకోనివ్వదు."

"మరి డాక్టరు గారెందుకు ఉంచుకున్నారు?"

"అది డాక్టరు గారినే అడుగు. నాకైతే అంతుపట్టలేదు."

పైకెళ్ళేసరికి నాన్న చొక్కా గురించి గొడవ నడుస్తోంది. చెయ్యి పైకి మడుస్తానంటాడు నాన్న, విప్పమంటుంది ఆవిడ. చొక్కా కింద బనీను చంక దగ్గర చిరిగి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదని ఆయన బాధ.

"మడిస్తే ఆ మడతే జబ్బని పట్టేస్తుంది. అంకె మారిపోద్ది. బనీను సంగతి నాకెందుకు, నేనేం పెళ్ళిచూపులకి వచ్చానా?"

విప్పాడు.

వీపు ఆనేలా కుర్చీ. పాదాలు రెండూ నేలకి ఆనాలి. కాలు మీద కాలు వెయ్యకూడదు. బల్ల మీద మడత పెట్టిన తువ్వాలు, దాని మీద చెయ్యి, గుండెకి సమానంగా. ఆవిడ నాన్న జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలిచి, మామూలు పట్టీ పక్కన పడేసి పెద్దది తీసింది. పదహారేళ్ళు స్టీరింగ్ తిప్పిన చెయ్యి, లావుగా ఉంటుంది మరి. "చిన్న పట్టీ వేస్తే లేని బీపీ చూపిస్తుంది. నీ బాబు మీద నాకేం కక్ష లేదు" అంది నావైపు తిరక్కుండానే. పట్టీ మోచేతి మడతకి రెండు వేళ్ళు పైన కట్టింది. లోపల రెండు వేళ్ళు దూరుతున్నాయో లేదో చూసుకుంది. అప్పుడు వాచీ చూసింది.

"అయిదు నిమిషాలు. ఎవరూ మాట్లాడకూడదు."

మూడో నిమిషంలో నా ఫోను మోగింది. ఎత్తి, "క్లినిక్‌లో ఉన్నాన్రా బాబూ" అన్నా.

"మళ్ళీ మొదట్నించి. అయిదు" అంది.

"మోగింది నా ఫోనండీ. ఆయనది కాదు."

"వినపడింది ఆయన చెవికి."

నాన్న నన్ను చూసిన చూపుకే బీపీ ఓ పది పెరిగి ఉంటుంది.

అయిదూ అయ్యాయి. నేను ఊహించింది, స్టెత్ పెట్టి బుస్సు బుస్సుమని గాలి కొట్టి వదిలేస్తుందని. ఆవిడ ముందు స్టెత్ ముట్టుకోనే లేదు. ఎడమ చేత్తో నాన్న మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, కుడి చేత్తో గాలి కొట్టడం మొదలుపెట్టింది. గాజు గొట్టంలో పాదరసం వంద దాటింది. నూట ముప్పై. నూట యాభై. ఆవిడ కళ్ళు గొట్టం మీద లేవు, తన వేళ్ళ మీద ఉన్నాయి. నూట డెబ్భై. నూట తొంభై రెండు దగ్గర ఆగింది. మెల్లగా గాలి వదిలేసి, చెయ్యి తీసి, ఒక నిమిషం ఊరుకుంది. అప్పుడు స్టెత్ పెట్టి, రెండు వందల ఇరవై దాకా ఎక్కించి, నీళ్ళు బొట్టు బొట్టుగా వదిలినట్టు దించింది. నాన్న పళ్ళు బిగించాడు. ఆ చేతికి మూడుసార్లు, రెండో చేతికి ఒకసారి.

కాగితం మీద రాసింది. 190/104.

"ఏంటిది?" నేను లేచి నిలబడ్డా. "వారం కింద నూట ముప్పై. మీ మిషను పాడైపోయింది."

"క్యాంపులో వాడు నాడి పట్టుకున్నాడా?"

"లేదండి" అన్నాడు నాన్న.

"ఇంత గట్టిగా బిగిసిందా, అప్పుడు?"

నాన్న ఆలోచించాడు. "లేదండి. తేలిగ్గానే ఉంది."

"నూట యాభై దాకా కొట్టి వదిలేశాడు. అందరికీ అంతే కొడతాడు, వాడికదే అలవాటు." నావైపు తిరిగింది. "కొంతమందికి స్టెత్‌లో చప్పుడు పైన మొదలై మధ్యలో ఆగిపోతుంది. కిందికొచ్చాక మళ్ళీ మొదలవుద్ది. మీ నాన్నకి నూట డెబ్భై నుంచి నూట ముప్పై దాకా చెవికేం వినపడదు. వాడు ఆ మధ్యలో దిగి, అదే మొదలనుకున్నాడు. కింది అంకె ఎలాగూ అంచనాకి రాసేసుంటాడు."

"కథలు చెప్పకండి. మీకు ఎక్కువ రావాలి, మళ్ళీ మళ్ళీ తిప్పించుకోవాలి, అదే గదా మీ వ్యాపారం? నూట ముప్పై అని రాయండి. మందులేవో వాడుకుంటాం."

"రాయను."

"ఇంటర్నెట్‌లో మీ క్లినిక్కి ఒక్క స్టారు పెడతా, చూస్కోండి."

"ఇప్పటికి పద్నాలుగున్నాయి. పదిహేను చెయ్. ఇటు రా ముందు."

స్టెత్ నా చెవుల్లో పెట్టింది. పెట్టడం కాదు, గుచ్చింది. నా రెండు వేళ్ళు పట్టుకుని నాన్న మణికట్టు మీద అదిమింది. "నాడి దొరికిందా? వదలకు." రెండు వందల పైకి గాలి కొట్టింది. నా వేళ్ళ కింద నాన్న ఆగిపోయాడు. అంటే, అక్కడ ఏమీ లేదు. మెల్లగా దించింది. నూట తొంభై దగ్గర చెవిలో టక్, టక్. వేళ్ళ కింద సన్నగా ఏదో కదిలింది. నూట డెబ్భై దగ్గర చెవిలో చప్పుడు ఠక్కున పోయింది. ఆవిడ మర బిగించి పాదరసాన్ని నూట అరవై దగ్గర ఆపేసింది.

"వినపడుతోందా?"

"లేదు."

"వేళ్ళకి?"

చెవిలో ఏమీ లేదు. వేళ్ళ కింద మాత్రం కొట్టుకుంటోంది. గట్టిగా, వరసగా, ఎవరో లోపలి నుంచి తలుపు కొడుతున్నట్టు.

పట్టీ విప్పేసింది. "ఇప్పుడు పెట్టుకో నీ స్టారు."

డాక్టరు రామతులసి గారు ఈసీజీ తీయించారు, రక్తం పరీక్షలు రాశారు, మాత్రలిచ్చారు. అదుపులోకి వచ్చేదాకా బస్సు తోలకూడదన్నారు. "ఒక్క సంతకం మేడం, మా నాన్న ఉద్యోగం పోద్ది" అన్నాను. ఈసారి అరవలేదు, బతిమాలాను. ఆవిడ మెత్తగా మాట్లాడతారు గానీ మాట ఒకటే. "ఆ అంకె శౌరమ్మ రాసింది బాబూ. నా మందులన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి. అందుకే ఆవిణ్ణి భరిస్తున్నా."

మెట్లు దిగుతూ బూతులన్నీ అయ్యాక అన్నాను. "నాన్నా, లాజరు వెళ్ళిన చోటు నాకు తెలుసు. పది నిమిషాల్లో వెళ్ళిపోదాం. రెండు నిమిషాల పని. మాత్రలు ఎలాగూ వేసుకుంటావుగా."

నాన్న రెయిలింగు పట్టుకుని ఆగాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు.

"నీ వేళ్ళకి తగిలిందా?"

అబద్ధం ఆడొచ్చు. ఆ స్టెత్ నా చెవుల్లో ఉంది, వేళ్ళు నావి. తగల్లేదు నాన్నా, ముసల్ది నాటకాలాడుతోంది అంటే ఆయన నమ్మేవాడు. నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు, మొహం చూస్తే తెలుస్తోంది. లాజరు వెళ్ళిన చోటికి పోతే సోమవారానికి బస్సు ఆయనది. కంకిపాడు దగ్గర రోడ్డు పక్కనే కాలవ.

"తగిలింది" అన్నాను.

"ఎక్కడ?"

"నూట అరవై దగ్గర. ఇంకా పైన కూడా."

"అయితే నోరు మూసుకుని బండి తియ్."

శనివారం ఆయనే బడికి వెళ్ళి తాళం ఇచ్చేశాడు. "మీకంటే లావున్న వాళ్ళందరికీ కాగితాలొచ్చాయి గదండీ, మీకేం వచ్చింది రోగం?" అన్నాట్ట హనుమయ్య. సోమవారం ఏడున్నరకి నాన్న బందరు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. ఏడో నెంబరు వచ్చింది. లాజరు హారన్ కొట్టాడు, పలకరింపుగా. నాన్న అటు తిరిగి నిలబడ్డాడు. పిల్లలు కిటికీల్లోంచి "డ్రైవరంకుల్" అని అరిచారు. టీ చప్పగా ఉందని కొట్టువాడితో పోట్లాడి ఇంటికొచ్చాడు. ఆ రోజు ఆయన పోట్లాట పెట్టుకోని మనిషి లేడు ఇంట్లో.

తర్వాత ప్రతి గురువారం శౌరమ్మ దగ్గరికి. ఇద్దరూ బద్ధ శత్రువుల్లా కూర్చునేవాళ్ళు. ఆవకాయ తిన్నారా అని ఆవిడ, ఒక్క ముక్క అని ఈయన. "ముక్క ఎంతది, కొలత చూపించండి" అని ఆవిడ. ఈయన వేలు చూపిస్తే, "అది మూడు ముక్కలు" అని ఆవిడ. సిగరెట్టు అడక్కుండానే వాసన చూసి అరగంట శిక్ష వేసేది. 178. 164. 158. మళ్ళీ 166, ఆ వారం మా బాబాయి కూతురి పెళ్ళి. ఆ అంకె రాసేటప్పుడు ఆవిడ పెన్ను కాగితానికి చిల్లు పెట్టింది.

ఒకరోజు నేనే అడిగేశా. ఇంత మొండితనం ఊరికే రాదు, వెనక ఏదో ఉండి ఉంటుందనుకున్నా. "మీరు తప్పు రాయడం వల్ల ఎవరైనా చచ్చిపోయారా అండీ, ఎప్పుడైనా?"

ఆవిడ పట్టీ మడతపెడుతూ నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరూ చావలా. పని సరిగ్గా చెయ్యాలంటే ముందు ఎవరో ఒకరు చావాలా?"

ఆ ముక్కకి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఏడో గురువారం. అయిదు నిమిషాలు అయ్యాయి. ఫోను కిందే ఖాలిక్ గారికి ఇచ్చి వచ్చాను. ఆవిడ నాడి పట్టి, గాలి కొట్టి, దించి, మూడుసార్లూ చూసుకుంది. కాగితం మీద ఏమీ రాయలేదు. స్టెత్ తీసి నా మెడలో వేసింది.

"నువ్వు చూడు. అంకె చెప్పు."

చెవుల్లో పెట్టుకుని, రెండు వేళ్ళూ మణికట్టు మీద ఆనించాను. ఆవిడ గాలి కొట్టింది. నూట ఇరవై. నూట ముప్పై. నూట నలభై దగ్గరికి వస్తుంటే వేళ్ళ కింద నాడి పోయింది. ఇంకా పైదాకా, నూట డెబ్భై దాకా ఎక్కించింది. ఏమీ లేదు, పైనెక్కడా దాక్కుని లేదు. దించింది. టక్. నాన్న నా మొహం చూడకుండా ఎదురు గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

నూట ముప్పై అనాలని నోటిదాకా వచ్చింది. గుండ్రంగా, బాగుంటుంది. "నూట ముప్పై ఎనిమిది" అన్నాను.

"నాకు ముప్పై ఆరు వినపడింది. చెవులు కడుక్కుని రా ఈసారి." 136/84 అని రాసి, కాగితం లోపలికి, డాక్టరు గారి గదిలోకి పంపింది. నాన్న బనీను సర్దుకున్నాడు. కొత్తది. ఆవిడ చూసిందో లేదో తెలీదు, ఏమీ అనలేదు. "మాత్ర మానేస్తే మళ్ళీ ఇక్కడే కూర్చుంటారు" అంది మాత్రం.

డాక్టరు సంతకం పెట్టారు. నాన్న దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బడికెళ్ళాడు. హనుమయ్య తిప్పి తిప్పి చూశాడట. ఏడో నెంబరు ఇక లాజరుదే. నాన్నకి లాజరు పాత పని ఇచ్చారు. స్పేరు. ఎవరైనా సెలవు పెడితే ఆ బస్సు. వారంలో రెండ్రోజులు, మూడ్రోజులు. జీతం కూడా ఆ లెక్కనే. మొన్న లాజరు జ్వరమని రాలేదు. ఆ ఒక్కరోజూ ఏడో నెంబరు నాన్న తోలాడు. సీటు వెనక్కి జరిపి పాడుచేశాడని లాజరుని సాయంత్రం దాకా తిట్టాడు.

ఆ మొదటిరోజే నేను పెట్టిన ఒక్క స్టారు అలాగే ఉంది. పదిహేనోది. కింద రాసింది కూడా అలాగే ఉంది: "ఈ క్లినిక్‌లో బీపీ చూడ్డానికి గంట పడుతుంది." అందులో అబద్ధం ఏముంది, తియ్యడానికి?